లెక్కలో లేని ఒళ్ళు

నాడెలో దారం ఎప్పుడు అయిపోయిందో గాంధిమతికి తెలియలేదు. చూసేసరికి ఉత్త నాడె అటూ ఇటూ పరుగెత్తుతోంది, పేక పడని గుడ్డ మూరెడు పొడుగున జల్లెడలా చుట్టుకుంటూ పోతోంది. గబుక్కున పిడి లాగి మగ్గం ఆపింది. ఆ పూట ఇలా జరగడం మూడోసారి. గుడ్డ చెడితే కూలిలో కోత పడుతుంది. రోజంతా నిలబడితే వచ్చే నాలుగు వందల చిల్లరలో ఇప్పటికే సగం ఎగిరిపోయి ఉంటుంది.

విరుదునగర్ ఊరి చివర రేకుల షెడ్డు అది. పన్నెండు మరమగ్గాలు. నేసేది ఆస్పత్రులకు వెళ్ళే కట్టుగుడ్డ. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, లోపల దూది ధూళి ముక్కుల్లోకీ నోళ్ళలోకీ పోతోంది. ఆస్పత్రి నుంచి వచ్చిన తర్వాత గాంధిమతికి ఇది మొదటి రోజు. నీరసం వల్లనే పోగు కనిపెట్టలేకపోతున్నానని తనకు తాను నచ్చజెప్పుకుంటోంది.

ఆ షెడ్డులో గొంతుతో మాట్లాడేవాళ్ళు లేరు. గొంతు చించుకున్నా పక్కవాళ్ళకు వినబడదు కనుక పెదవులతోనే మాట్లాడుకుంటారు. కొత్తగా చేరిన పిల్ల నెల తిరిగేసరికి ఆ విద్య పట్టేస్తుంది. ఇంటి తెలుగయినా, వీధి తమిళమయినా, పెదవి కదిలితే చాలు. మొగుళ్ళ మీద చాడీలు, సినిమా కబుర్లు, మొదలాళి అని పిలిచే యజమాని మీద తిట్లు, అన్నీ ఆయన ఎదుటే నడుస్తాయి. పాపం ఆయనకొక్కడికే ఆ చదువు రాదు.

అయితే అంత రొదలోనూ ఎవరి మగ్గం వాళ్ళకు వినబడుతుంది. తిరునాళ్ళ గుంపులో తల్లికి తన బిడ్డ ఏడుపు వినబడినట్టే. దారం అయిపోయిన నాడె వేరేగా కొట్టుకుంటుంది, వదులైన పట్టీ వేరేగా కొట్టుకుంటుంది. గాంధిమతి ఇన్నేళ్ళూ గుడ్డ వైపు కళ్ళప్పగించి నేసింది లేదు. చెవే ఆమెకు కాపలా. ఆ కాపలా ఇవాళ ఎక్కడికి పోయిందో తెలియక ఆమె తలప్రాణం తోకకొచ్చింది.

పక్క మగ్గం వల్లియమ్మాళ్ కళ్ళతో సైగ చేసింది. మూడేళ్ళ బిడ్డ తల్లి ఆమె, ఊదితే ఎగిరిపోయేలా ఉంటుంది. "వెనక మామ నిలిచుండాడు, చూడక్కా" అన్నాయి ఆమె పెదవులు.

వెనక మొదలాళి రామానుజం ఉన్నాడు. వీళ్ళ కులంవాడే, వరసకు మామ. వరస కల్యాణపత్రికల్లోనే గాని కూలి దగ్గర ఉండదు. ముఖం చూస్తే చాలాసేపటి నుంచే అరుస్తున్నట్టుంది.

"...ఎంతసేపుగా పిలుస్తుండాను, వినబడలే నీకు?"

"వినబడె మామా. పోగు చూస్తా ఉంటిని."

ఆయన ఆమె మొహంలోకి ఒక క్షణం చూశాడు. గోడ దగ్గరికి వెళ్ళి కరెంటు ఆపేశాడు. పన్నెండు నాడెలూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. "ఆ పక్కకి తిరుగు" అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె తిరిగింది. ఎదురుగా ఆడవాళ్ళందరూ ఆమెనే చూస్తున్నారు. చూస్తూ చూస్తూ వల్లియమ్మాళ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెనక ఆయన తనను పేరు పెట్టి పిలుస్తున్నాడనీ, ఒకసారి కాదు పదేపదే పిలుస్తున్నాడనీ ఆ మొహాలు చూస్తే గాని గాంధిమతికి తెలియలేదు.

"చెవిటిదానికి మగ్గమెట్ల ఇచ్చేది?" అన్నాడు రామానుజం ఆమె ముందుకొచ్చి, ఈసారి నోరు బాగా తెరిచి. "ఇట్ల జల్లెడ నేసి పంపితే కొనేవాడు నా మూతిన కొట్టడా? ఆస్పత్రిలో పోగొట్టుకున్న చెవికి రేపు మగ్గం వల్ల పోయెనంటే నేను ఏంటికి చెల్లించేది? ఇంటికి పో. చూస్తాం తరవాత."

ఆ 'తరవాత' ఎప్పటికీ రాదని షెడ్డులో అందరికీ తెలుసు. కరెంటు మళ్ళీ వేశాడు. పదకొండు మగ్గాలు కదిలాయి. ఆమె చెవుల్లో మాత్రం ఏదో దూరపు ఉరుములాంటిది తప్ప మరేమీ లేదు.

ఆ రోగమూ షెడ్డు పెట్టిన భిక్షే. అక్కడ ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. చీకటి పడ్డాక ముళ్ళచెట్ల మాటుకు పోవడమే. అందుకని పొద్దున్నుంచీ ఎవరూ నీళ్ళు తాగరు. గొంతు తడుపుకుంటారు, అంతే. ఏడాదికొకసారో రెండుసార్లో మూత్రంలో మంటతో జ్వరం వస్తుంది. మందులషాపులో అడిగి నాలుగు మాత్రలు మింగి మళ్ళీ మగ్గమెక్కుతారు. ఈ ఎండాకాలం ఆ మాత్రలు గాంధిమతి మీద పనిచేయలేదు. వణుకుతో స్పృహ తప్పితే భర్త సుబ్బురాజ్ ఆటోలో వేసుకుని ఒక ధర్మాస్పత్రికి తీసుకుపోయాడు. ఏళ్ళ తరబడి నాలుగు మాత్రలతో పరిచయం పెంచుకున్న పురుగు మాత్రలన్నిటినీ జయించిందట. ఇక మిగిలింది ఒకే ఒక ఇంజెక్షను. మంచి మందే. కాని మోతాదు ఎక్కువైతే చెవుల మీద పడుతుంది.

అక్కడే డాక్టరు సంగవి పరిచయమయింది. కోవిల్‌పట్టి దాటి కళుగుమలై దారిలో ఏదో నల్లరేగడి ఊరు ఆమెది. జ్వరంలో గాంధిమతి "అమ్మా, ఓర్వలేనే" అని మూలిగితే విని పరుగున వచ్చింది.

"అక్కా, మీరు మనవాళ్ళా? ఈ వార్డులో మన మాట విని ఎన్ని దినాలాయెనో!"

ఆ పిల్ల చేతిలో పలకలాంటి కంప్యూటరు ఉండేది. మందు ఎంత ఎక్కించాలో దాన్నే అడిగేది. గాంధిమతి ఊరుకునే రకం కాదు, అదేమిటని అడిగింది.

"ఇదో చూడక్కా. నీ వయసు, నీ బరువు, నీ రగతంలో ఉప్పు ఎంత ఉండాదని దీంట్లో వేస్తే, ఊసి మందు ఎంత వెయ్యాలని ఇది చెప్పుతాది. వేలమందికి ఈ మందు ఇచ్చి, వాళ్ళ ఒంట్లో ఎంతసేపు నిలిచె, ఎంత బయటకి పోయె అని కనిపెట్టి లెక్క కట్టిపెట్టినారు. ఆ లెక్కలోనుంచి నీ లెక్క తీస్తాది."

"ఆ వేలమందిలో మనూరోళ్ళు ఉండారా అమ్మా?"

సంగవి నవ్వింది. "మనుషులంతా ఒకటే గదాక్కా."

ఆ మాట అన్నందుకు ఆ పిల్లను తప్పు పట్టలేం. మంచి మనసుతోనే అంది. పుస్తకాల్లోనూ అలాగే రాసి ఉంటుంది. ఇదివరకైతే ఈ మందు ఎక్కించేవాళ్ళకు మధ్యమధ్య రక్తం తీసి, ఒంట్లో మందెంత మిగిలిందో చూడమని మదురైకి పంపేవాళ్ళు. కంప్యూటరు వచ్చాక ఆ ఖర్చు ఎందుకన్నారట పెద్దలు, సంగవే ఒకసారి చెప్పింది. డబ్బు కట్టగలిగినవాళ్ళకు రక్తం చూస్తారు. మిగతావాళ్ళకు లెక్క చూస్తారు.

రోజూ పొద్దున్నే సంగవి మంచం ముందుకొచ్చి అడిగేది. "చెవిలో హోరు ఉండాదా అక్కా?"

"అది ఎప్పుడూ ఉండేదే. మగ్గమెక్కినప్పటినుంచి కూడా ఉండాది."

"నేను చెప్పేది వినబడుతా ఉండాదా?"

"బాగా వినబడుతాది" అని తల ఊపేది గాంధిమతి.

అబద్ధం చెప్పలేదామె. పెళ్ళయి మగ్గమెక్కిన నాటి నుంచీ మాట అనేది ఆమెకు ఎదుటివాళ్ళ పెదవుల మీదనే ఉంది. చెవితో విన్నదేదో, కంటితో చూసిందేదో విడదీసుకోవాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. సంగవి పెదవులు కదిలాయి, మాట అందింది. అందితే విన్నట్టే కదా. దారపు పోగులా చెవి సన్నబడుతుంటే అడిగే పిల్లకూ తెలియలేదు, చెప్పే మనిషికీ తెలియలేదు. జ్వరం మొండికేసిందని ఇంజెక్షన్లు రెండో వారంలోకి, మూడో వారంలోకి సాగాయి. చివరికి జ్వరం దిగింది. బాగయిందని ఇంటికి పంపేశారు.

మగ్గం పోయిన ఆ సాయంత్రం గాంధిమతి ఇంట్లో ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. పొయ్యి ముందు కూర్చుంది. సుబ్బురాజ్ గుమ్మంలో కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతున్నాడు. ఒకప్పుడు ఆయనా మగ్గం మనిషే. దూది ఊపిరితిత్తుల్లోకి పోయి ఆయాసం పట్టుకున్నాక ఇంటి దగ్గర కండెలకు పరిమితమయ్యాడు. ఇల్లు గడవడం ఆమె కూలి మీదనే.

ఫోను వెలిగింది. కోవిల్‌పట్టి నుంచి కూతురు ఉష. కడలమిట్టాయి అనే పల్లీపట్టీలు తయారుచేసే చోట పొట్లాలు కడుతుంది, హాస్టల్లో ఉంటుంది. బటన్ ఫోను ఆ పిల్లది, మొహం కనబడదు. ఆస్పత్రిలో చివరి రోజుల్లో ఉష ఫోను చేస్తే గాంధిమతి కాసేపు చెవి దగ్గర పెట్టుకుని, "ఇక్కడ టవర్ లేదు" అని మొగుడికి ఇచ్చేసేది.

సుబ్బురాజ్ చాలాసేపు మాట్లాడాడు. ఏదో తమాషా చెప్పినట్టుంది, పగలబడి నవ్వాడు, నవ్వు దగ్గులోకి దిగింది. ఇంకా నవ్వుతూనే ఫోను తెచ్చి ఆమె చెవికి ఆనించాడు.

ఏమీ లేదు. కొండగుహలో తల పెట్టినట్టుంది.

"టవర్ లేదు" అంది గాంధిమతి.

ఆయన ఫోను తన చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ ఆమె చెవికి పెట్టాడు. మళ్ళీ తన చెవికి. నవ్వు మొహంలోనే ఆగిపోయింది.

"పిల్ల మాట్లాడుతానే ఉండాదే, గాంధిమతీ" అన్నాయి ఆయన పెదవులు. "అమ్మా అమ్మా అని పిలుస్తా ఉండాదే."

అప్పుడు ఏడ్చింది. మగ్గం పోయినందుకు రాని ఏడుపు, కూలి పోయినందుకు రాని ఏడుపు, అప్పుడు వచ్చింది. రొదలో బతికినది గనక కూతురి గొంతు ఎలా ఉంటుందో ఎప్పుడూ శ్రద్ధగా విననైనా వినలేదు. ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామంటే ఉష చిన్నప్పటి ఏడుపే గాని పెద్దయ్యాక మాట్లాడే గొంతు గుర్తుకు రావడం లేదు. పొయ్యి మీద అన్నం మాడుతున్నా ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

తెల్లారాక ఆస్పత్రికి పోదామన్నాడు సుబ్బురాజ్. చేతిలో బస్సుకు కూడా లేక రెండు రోజులు ఆగాల్సి వచ్చింది. ఆ రెండు రోజుల్లోనే వల్లియమ్మాళ్ జ్వరంతో మగ్గం దగ్గర పడిపోయిందనీ, అదే ఆస్పత్రిలో వేశారనీ వీధిలో చెప్పుకున్నారు. అవే ముళ్ళచెట్లు, అవే తాగని నీళ్ళు. ఆశ్చర్యపడ్డవాళ్ళు లేరు.

ఆస్పత్రిలో ఆమెను ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు డిప్పలు తగిలించారు. శబ్దం వచ్చినప్పుడల్లా చెయ్యి ఎత్తమన్నారు. చేతులు ఒడిలో పెట్టుకుని ఎదురుచూసింది. చెయ్యి ఎత్తే అవసరం దాదాపు రాలేదు. అద్దం అవతల సంగవి నిలబడి ఉంది. మొదట కాగితం చూసింది, తర్వాత గాంధిమతిని చూసింది, తర్వాత ఎవరినీ చూడలేకపోయింది.

బయటికి వచ్చాక ఆ పిల్ల వరండాలో బల్ల మీద కూర్చుని, పెదవులు బాగా కనబడేలా మొహం ఎత్తి, ఒక్కొక్క మాటే చెప్పింది.

"అక్కా, రగతంలో ఆ ఉప్పు తక్కువ ఉంటే మూత్రపిండం బాగా కడుగుతా ఉండాదని అర్తం. నీకు తక్కువే ఉండె. అందుకని మందు బిరబిరా బయటకి పోతాదని ఇది అనుకొనె. ఎక్కువ వెయ్యమనె."

"మరి?"

"ఆ ఉప్పు పుట్టేది కండలోనుంచి అక్కా. నీ ఒంట్లో కండే లేదు." సంగవి కళ్ళు తుడుచుకుంది. "ఉప్పు పుట్టనే లేదు, ఇంక రగతంలో ఏడ ఉంటాది? నీ మూత్రపిండం ఏమో సగమే పని చేస్తా ఉండె. మందంతా లోపలే నిలిచిపోయె. ఆ వేలమంది లెక్కలో నీ మాదిరి ఒళ్ళు లేదక్కా. నాకు తోచలే. నేనే నొక్కితిని."

గాంధిమతికి ఆ పిల్లను తిట్టాలనిపించలేదు. నిజం చెప్పాలంటే తిట్టడానికి ఓపిక కూడా లేదు. పన్నెండేళ్ళకు కండెలు చుట్టే పనిలో చేరింది మొదలు తన ఒంటి కండంతా ఏ గుడ్డల తానుల్లో కలిసిపోయిందో ఆమెకు తెలుసు. పుష్టిగా తిన్నవాళ్ళను బట్టి గీసిన గీతలో గంజి తాగినదాన్ని నిలబెట్టి, సరిపోయావు పొమ్మన్నారు.

పెద్ద డాక్టరు సెంథిల్‌కుమార్ తన గదిలోకి పిలిచాడు. తమిళంలో మాట్లాడాడు. మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు. ఆయన మీసాల చాటున పెదవులు సరిగ్గా కనబడక గాంధిమతి ముందుకు వంగి కూర్చోవలసి వచ్చింది.

"మగ్గాల షెడ్డులో ఇన్నేళ్ళు పనిచేశారు. చెవుడు అక్కడి నుంచి వచ్చిందే. హోరు ఎప్పటినుంచో ఉందని మీరే చెప్పారట. మందు వల్ల ఏమైనా కొంచెం పెరిగిందేమో గాని..." అని భుజాలెగరేశాడు. "మా పద్ధతి వందలో తొంభైమందికి సరిగ్గా పనిచేస్తోంది. బయటి నుంచి వచ్చి చూసి మెచ్చుకుంటున్నారు. మీ ఒక్కరి మాట మీద అది ఆగిపోకూడదు. ఈ చెవుడు నాకు మగ్గం వల్ల ముందు నుంచే ఉంది అని రికార్డు చేస్తున్న ఈ ఫోను ముందు మీ నోటితో చెప్పండి. వినే మిషను ఉచితంగా ఇప్పిస్తాను."

సుబ్బురాజ్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆయన మొహం చూస్తే జాలేసింది.

"చెప్పేసెయ్యే. మిషినైనా వస్తాది. పిల్ల మాట వినొచ్చు గదా."

అక్కడ రామానుజం ఆస్పత్రి వల్ల పోయింది పొమ్మన్నాడు. ఇక్కడ డాక్టరు మగ్గం వల్ల పోయింది పొమ్మంటున్నాడు. చెవి పోవడం మాత్రం నిజం, దాన్ని ఎవరూ తమ గుమ్మంలో దించనివ్వడం లేదు. ఫోను ఆమె మొహం ముందు వెలుగుతోంది. ఉష గుర్తుకొచ్చింది. నోటి దాకా మాట వచ్చింది కూడా. ఆ తొంభైమంది పోగా మిగిలిన పదిమంది ఎవరా అని అప్పుడు తోచింది ఆమెకు. తోచి కుర్చీలోంచి లేచింది. వెనక సుబ్బురాజ్ పిలిచే ఉంటాడు.

వార్డు ఆమెకు తెలిసిన దారే. కిటికీ పక్క మంచం మీద వల్లియమ్మాళ్ పడుకుని ఉంది, దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. నర్సు సిరంజిలోకి మందు తీస్తోంది. మంచం కాళ్ళ దగ్గర, ఎప్పుడు వచ్చిందో, సంగవి పలక పట్టుకుని నిలబడి ఉంది.

"దీనికీ అదే మందా?" అడిగింది గాంధిమతి. వార్డులో తలలన్నీ ఇటు తిరిగాయి. తన గొంతు ఎంత పెద్దగా వచ్చిందో ఆమెకేం తెలుసు?

సంగవి తల ఊపింది.

"ఉప్పు తక్కువ ఉండాదా?"

సంగవి మళ్ళీ తల ఊపింది.

"రగతం తీసి మదురైకి పంపిస్తిరా? నిన్న వేసింది ఒంట్లో ఎంత మిగిలుండాదో చూస్తిరా?"

"సారును అడిగితిని అక్కా. ఒగరికని చేస్తే అందరికీ చెయ్యాల, దానికి దుడ్డు లేదనె. కొంచెం తగ్గించి వెయ్యమనె."

"ఎంత తగ్గించితే సరి?"

ఆ పిల్ల పలక వైపు చూసింది. ఆమెకూ తెలియదు, పలకకూ తెలియదు.

మందు వద్దని గాంధిమతి అనలేదు. వద్దంటే ఆ జ్వరం పిల్లదాన్ని మింగేస్తుంది, అది ఆమెకు బాగా తెలుసు. తెలిసే కడుపు మండిపోతోంది. వెయ్యకపోతే ప్రాణం, వేస్తే చెవి. మధ్యలో ఒక్క చుక్క రక్తం తీసి చూసే దారి ఉంది, ఆ దారికి డబ్బు లేదట. మంచం అంచున కూర్చుని, మందెక్కించే సూది అమర్చిన వల్లియమ్మాళ్ చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"మొదట రగతం తియ్యండి. చూసి వెయ్యండి. చూడకుండా వెయ్యనియ్యను."

నర్సు ఏదో అంది. సుబ్బురాజ్ వచ్చి ఏదో అన్నాడు, చేతులు జోడిస్తున్నాడు. పక్క మంచాల వాళ్ళు అంటున్నారు. అందరి నోళ్ళూ ఒకేసారి కదులుతుంటే ఏ పెదవి నుంచి ఏ మాట వస్తోందో విడదీయడం ఆమెకూ కష్టమయింది. తలుపు దగ్గర సెంథిల్‌కుమార్ కనిపించాడు. ఇప్పుడు మర్యాద లేదు, మీసాల కింద నోరు పెద్దగా తెరుచుకుంది.

ఇంతవరకూ ఎవరేం చెప్పినా గాంధిమతి విన్నది. మామ చెప్పినా, డాక్టరు చెప్పినా, మొగుడు చెప్పినా, పెదవుల మీది నుంచి ప్రతి మాటా ఏరుకుని మరీ విన్నది. మొదటిసారిగా ఆమె కళ్ళు మూసుకుంది.

వల్లియమ్మాళ్ చెయ్యి జ్వరంతో కాలిపోతోంది. ఎవరో గాంధిమతి వేళ్ళను ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టారు.